ముందుపళ్ళ మధ్య సందు

పిల్లల పళ్ళ వైద్యం నేర్చుకుంటున్న మీలో కొందరు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు కష్టమైన కేసుల గురించి అడుగుతారు: పుట్టుకతోనే లేని పళ్ళు, ఎదగని కింది దవడ, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్ళ వరసలు. నాకు గుర్తుండిపోయిన కేసు వాటిలో ఏదీ కాదు. నిజానికి అది కేసే కాదు. ఆరోగ్యంగా ఉన్న ఒక పిల్ల, ఆరోగ్యంగా ఉన్న రెండు ముందుపళ్ళు, వాటి మధ్య ఒక సందు. ఆ సందును ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది. ముట్టుకోవద్దని చెప్పినవాణ్ణి నేనే. అయితే చెప్పిన తీరులో ఉంది తప్పంతా.

ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో పిల్లల నోరు సగం కట్టిన ఇల్లులా ఉంటుంది. పాలపళ్ళు కొన్ని పోయి, కొన్ని మిగిలి, కొత్తవి కొన్ని సగం దిగి ఉంటాయి. మొహం ఇంకా చిన్నది, ముందుపళ్ళు మాత్రం పెద్దవాళ్ళవి. అవి విసనకర్రలా విడిపోయి, మధ్యలో వేలెడంత కాకపోయినా గోరంత సందు కనబడుతుంది. మీ పుస్తకాల్లో ఈ దశకు వికారమైన పేరొకటి ఉంది. ఆ పేరు నేనెప్పుడూ ఏ తల్లి ముందూ అనలేదు. అసలు ఏ తల్లి ముందూ నేను ఏమీ అనేవాణ్ణి కాదు.

ఇక్కడ నా గురించి కొంత చెప్పుకోక తప్పదు. నల్లగొండ జిల్లాలో మా తాతకు కోటలాంటి ఇల్లు, గడీ ఉండేది. నేను పుట్టేనాటికి గోడలు నిలిచి ఉన్నాయి. నేను డాక్టరు పట్టా పుచ్చుకునేనాటికి ఆ గోడల రాళ్ళు ఎవరెవరి ఇళ్ళ పునాదుల్లోకో వెళ్ళిపోయాయి. నాకు దక్కిన ఆస్తి ఇదీ: నిటారుగా కూర్చునే అలవాటు, చీటీలో సగం ఆక్రమించే మా తాత తరహా సంతకం, అడిగినదానికి కారణం చెప్పకపోవడం. మా ఇంట్లో మగవాళ్ళు అవునంటారు, లేకపోతే కాదంటారు. ‘ఎందుకంటే’ అన్న మాట మా నాన్న నోట నేను వినలేదు. దాన్ని హుందాతనం అనుకునేవాణ్ణి. ఇప్పటికీ కొంచెం అనుకుంటాను.

యూనివర్సిటీ ఆరోగ్యకేంద్రంలో వెనకవైపు గది నాది. కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు, ఒకసారి పైకి లేపితే దిగనని మొండికేసే కుర్చీ, పరికరాలు ఉడకబెట్టే డబ్బా. ఎక్స్‌రే కావాలంటే పట్నంలోని పెద్దాసుపత్రికి పంపాల్సిందే. ఆ గదిలో నాకు సాయం ఒక ఆయమ్మ. మా గడీకి రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు ఆమెది. నేను చేరిన రోజే నా ఇంటిపేరు విని, “అయ్యో దొరా, మీరా!” అని చేతులు జోడించింది. ఆమె తండ్రి మా తాత దగ్గర వెట్టి చేసినవాడని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఆమెకు మొదటి నిమిషం నుంచీ తెలుసు. అందరి ముందూ దొరా అని పిలిచేది. క్లర్కులు నవ్వుకునేవారు. అలా పిలవొద్దని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. రోజు మొత్తంలో నా చెవికి ఇంపుగా తగిలే మాట అదొక్కటే.

పిల్లల తల పట్టుకోవడం ఆయమ్మ పని. గట్టిగా పట్టుకునేది కాదు. రెండు అరచేతులూ చెవుల మీద ఆనించి పిల్లను మాటల్లోకి దించేది. “మీ ఇంట్ల బర్రె ఉన్నదా? లేదా? మరి పాలేడికెల్లి వస్తయి? డబ్బాల్నించా? డబ్బా గడ్డి తింటదా?” పిల్ల జవాబు వెతుక్కునేలోపు నా పని అయిపోయేది.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. వంకర పళ్ళు సర్దడానికి తగిలించే సన్నటి రబ్బరు రింగులు ఆ రోజుల్లో మాకు దొరికేవి కావు. తార్నాక చౌరస్తాలోని సైకిల్ షాపులో సన్నటి రబ్బరు వాల్‌ట్యూబు ముక్క కొని, బ్లేడుతో సన్నగా రింగులు కోసి, ఉడకబెట్టి వాడేవాణ్ణి. అదీ తీగ ప్లేటు బిగించిన పెద్ద పిల్లలకే. రింగు పంటి మీద జారకుండా కొక్కేలకు తగిలించేవాణ్ణి. ఆ ఉపాయం నాదేనని నాకు చెప్పలేనంత గర్వం. తలుపు బారుగా తెరిచి, బెంచీ మీదివాళ్ళందరికీ కనబడేలా చేసేవాణ్ణి.

అరవై తొమ్మిదో సంవత్సరం మొదట్లో ఒక తల్లి తన కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో గుమస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త ఒక మిషన్ బడిలో మాస్టారు. తార్నాకలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని ఉండేవారు. పిల్లకు ఎనిమిదిన్నర ఏళ్ళు.

“నవ్వవే, డాక్టరుగారు చూస్తారు,” అంది తల్లి.

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బడిలో దీన్ని రైలుగేటు అంటున్నారండి. గేటు తీసే ఉంది, బండి ఎప్పుడొస్తదీ అని ఏడిపిస్తున్నారంట. చర్చిలో పాట పాడమంటే ఇదిగో ఇలాగే, చెయ్యి అడ్డం పెట్టుకుని పాడుతోంది. అలా పాడితే దేవుడికి మాత్రం ఏం వినపడుద్దండీ?”

ఆయమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. పిల్ల చెయ్యి తీయించి, పెదవి పైకెత్తి చూశాను. అరనిమిషం పట్టింది. ఏ లోపమూ లేదు.

వాళ్ళ కంటే ముందు వచ్చిన ఒక లెక్చరరు కొడుక్కి నేను రింగు తగిలించడం ఆమె బెంచీ మీద కూర్చుని చూసింది. “మా దానికి కూడా అలాంటి రబ్బరొకటి వేస్తారాండీ?” అని అడిగింది.

“అవసరం లేదు.”

“అంటే, తర్వాతెప్పుడన్నా వేస్తారా?”

“అవసరం లేదన్నాను కదమ్మా.”

చీటీ మీద ఇంగ్లీషులో ‘నో ట్రీట్‌మెంట్’ అని రాసి, దాని కింద నా సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె ఆ చీటీ వంక చూసి, “ఎందుకండీ?” అంది మెల్లగా. నేను అప్పటికే తలుపు వైపు, తర్వాతి మనిషి వైపు చూస్తున్నాను. ఆమె ఇంకో క్షణం నిలబడి, చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి నెలల సంగతి మీరు చదువుకునే ఉంటారు. ప్రత్యేక రాష్ట్రం కావాలని క్యాంపసు లేచింది. తరగతులు ఆగిపోయాయి. స్థానికులు ముల్కీలు, బయటి నుంచి వచ్చి ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నాన్‌ముల్కీలు. అంతకుముందు దఫ్తరు కాగితాల్లో ఉన్న ఆ మాటలు క్యాంటీన్లో టీ కప్పుల మధ్యకు వచ్చాయి. రాష్ట్రం రావాలనే నేనూ కోరుకున్నాను. కాని ఊరేగింపులో నినాదం ఇవ్వడం నాకు చేతకాలేదు. మా ఇంట్లో గొంతెత్తడమంటే నౌకర్లను పిలవడానికే. నా వంతు ఉద్యమం ఆ వెనక గదిలోనే జరిగింది. లాఠీదెబ్బకు పెదవి చీలినవాడు, రాయి తగిలి పన్ను విరిగినవాడు రోజుకొకరైనా వచ్చేవారు. నేను పలకరించేవాణ్ణి కాదు గాని కుట్లు మాత్రం చాలా సన్నగా వేసేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లే చెయ్యి తీసి నోరు చూపించింది. సందు లేదు. రెండు ముందుపళ్ళూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కాని చిగురు వాచి, ఎర్రగా ఉంది. పళ్ళు పక్కవాటి కంటే పొడుగ్గా కిందికి దిగి ఉన్నాయి. వేలితో తాకితే రెండూ కదిలాయి.

“దెబ్బ తగిలిందా?”

“లేదండి,” అంది తల్లి, నా మొహం చూడకుండా.

“కింద పడిందా? రాయి ఏమైనా...?”

“లేదండీ, ఏం లేదు.”

నేను నమ్మలేదు. నాన్‌ముల్కీ కుటుంబం. ఎవరో పిల్ల మీద రాయి విసిరారు, చెబితే ఇంకేం ముంచుకొస్తుందోనని దాస్తున్నారు అనుకున్నాను. నా మనసులో నాకు చాలా దయ కలిగింది. ఆ దయతోనే ఇంకో ప్రశ్న అడగలేదు. బిళ్ళలు రాసి, ఉప్పునీళ్ళతో పుక్కిలించమని చెప్పి, ఎక్స్‌రేకి చీటీ ఇచ్చి, నాలుగు రోజుల్లో రమ్మన్నాను. అప్పుడు కూడా నా సంతకం చీటీలో సగం ఉంది.

నాలుగో రోజు తండ్రి తీసుకొచ్చాడు. పట్నంలో బందు, ఎక్స్‌రే తీయించడం కుదరలేదు. పళ్ళు ఇంకా దిగాయి. పిల్ల అన్నం నమలలేకపోతోంది. మాస్టారు బక్కపలచటి మనిషి, సైకిల్ క్లిప్పులు ప్యాంటుకు అలాగే ఉన్నాయి.

“వందనాలు డాక్టరుగారూ. రేపు సాయంత్రం బండికి పిల్లల్నీ వాళ్ళమ్మనీ ఊరికి పంపేస్తున్నానండి. గోడల మీద రాతలు మా వీధి దాకా వచ్చాయి. అక్కడ మా పల్లెలో పళ్ళ డాక్టరంటూ ఎవరూ లేరు. మీరు ఏది చేసినా ఇవాళే చేసెయ్యాలి.”

ఎనిమిదేళ్ళ పిల్లకు రాబోయే జీవితమంతా ఉండవలసిన రెండు ముందుపళ్ళు. వాటిని కాపాడే మార్గం నాకు కనబడలేదు. వ్యాధి ఏమిటో తెలియనప్పుడు మార్గం ఎలా కనబడుతుంది? అలాగే వదిలితే చీము దవడలోకి దిగవచ్చు, రైల్లో జ్వరం రావచ్చు. పీకేద్దామని నిర్ణయించాను. మాస్టారు వింటూ తల ఊపాడు.

సూది మందు ఇచ్చాను. బయట ఎక్కడో టియర్‌గ్యాస్ గుండు పేలింది. ఆయమ్మ కిటికీలు మూసి, తడిగుడ్డ సందుల్లో కుక్కి, వచ్చి పిల్ల చెవుల మీద చేతులు పెట్టింది. నేను ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకున్నాను.

పిల్ల నన్ను అడగలేదు. తల వెనక్కి వాల్చి ఆయమ్మను అడిగింది. “ఆయమ్మా, ఇంకో రబ్బరు పెడితే మళ్ళీ గట్టిపడవా?”

“ఏం రబ్బరు బిడ్డా?”

“నాన్న సైకిల్ రబ్బరు. అమ్మ కత్తెరతో కోసి పెట్టింది. సందు పోయింది కూడా. తర్వాత రబ్బరు కనపడలా. నిద్రలో మింగేశానంట.”

ఆయమ్మ తలెత్తి నన్ను చూసింది. “దొరా,” అంది.

ఫోర్సెప్స్ కింద పెట్టాను.

పిల్ల దాన్ని మింగలేదు. పన్ను కింద వెడల్పుగా ఉంటుంది, చిగురు వైపు పోనుపోను సన్నబడుతుంది. రెండు పళ్ళనీ కలిపి చుట్టిన రింగు ఆ వాలు వెంట పైకి జారుతుంది. చిగురు కిందికి దూరి, వేరు వెంట ఎక్కుతూ, పంటిని పట్టి ఉంచే ఎముకను తినేస్తూ, పళ్ళను తోసుకుంటూ పోతుంది. మొదట్లో సందు మూసుకుపోయి ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ తర్వాత పళ్ళు పొడుగవుతాయి, ఊగుతాయి. రబ్బరు ఎక్స్‌రేలో కూడా కనబడదు. నా చిటికెన వేలికి పట్టనంత చిన్న రింగు. అలాంటివి ఇంకో ఇరవై దాకా నా సొరుగులో, ఆ పిల్ల మోకాలికి జానెడు దూరంలో ఉన్నాయి.

చిగురు కొద్దిగా చీల్చి వెతికాను. రెండు వేర్ల చుట్టూ, చాలా పైన, కొక్కెం తిరిగిన సూది మొనకు మెత్తగా తగిలింది. ఒక పక్క కత్తిరించి లాగితే నల్లటి పురుగులా బయటికి వచ్చింది. ట్రేలో వేశాను. మాస్టారు దాన్ని చూసి, తన ప్యాంటు క్లిప్పుల వంక చూసుకుని, గోడకు చేరగిలబడ్డాడు.

“పీకక్కర్లేదు,” అన్నాను. తర్వాత నా జీవితంలో మొట్టమొదటిసారి, ఎవరూ అడగకుండానే, కారణం చెప్పడం మొదలుపెట్టాను. “వేర్లు ఇంకా పాడు కాలేదు. సన్నటి తీగతో పక్క పళ్ళకు కలిపి కడతాను. ఎముక మళ్ళీ పట్టుకోవచ్చు. పట్టకపోవచ్చు కూడా. రెండు నెలలు తీగ ఉండాలి. రోజు విడిచి రోజు నేను చూసి శుభ్రం చెయ్యాలి. ఊరికి పంపితే మాత్రం పళ్ళు పోతాయి.”

“రేపు బండి...” అన్నాడు మాస్టారు.

“రైలు రేపు గాకుంటె వచ్చే నెల పోతది సారూ. గా పండ్లు పోతె మల్ల మొలుస్తయా?” అంది ఆయమ్మ.

“అది కాదమ్మా. వీధిలో పరిస్థితి నీకు తెలుసు కదా. పిల్లల్ని తీసుకుని రోజు విడిచి రోజు ఈ గేటు దాటి రావాలంటే...”

“నేనే మీ ఇంటికి వస్తాను,” అన్నాను. “నేను వచ్చిపోయే ఇంటి జోలికి ఎవరూ రారు.”

ఆ మాట మా తాత గొంతుతో వచ్చింది. ఆయన వెనక నలభై మంది మనుషులుండేవారు. నా వెనక ఒక పాత సైకిల్, అది కూడా వెనక చక్రం గాలి నిలవనిది. మాస్టారు మాత్రం నమ్మాడు. నమ్మకపోతే ఆయనకు ఇంకో దారి లేదనుకుంటాను.

తీగ కట్టడం పూర్తయ్యాక పిల్ల ట్రేలోని రింగును అడిగింది. పాలపన్ను ఊడితే ఇంటి మీదికి విసిరేస్తారు కదా, దీన్ని కూడా విసిరితే పళ్ళు గట్టిపడతాయేమోనట. మందు వల్ల మాట ముద్దముద్దగా వస్తోంది. ఆయమ్మ ఆమెను ఎత్తుకుని బయటికి తీసుకుపోయింది. ఆరోగ్యకేంద్రం రేకుల కప్పు మీద చిన్న చప్పుడు కూడా వినబడలేదు. కాని ఇద్దరూ గొప్ప పని చేసినట్టు తిరిగి వచ్చారు.

మర్నాడు కాక ఆపై రోజు నేను బయల్దేరాను. ఆయమ్మ సంచి పట్టుకుని వెంట వచ్చింది. తార్నాక వైపు గేటు దగ్గర విద్యార్థులు దారికి అడ్డంగా బల్లలు వేసి కూర్చున్నారు. ఒకడు లేచి సంచి తెరవమన్నాడు. నేను నిటారుగా నిలబడి, “నా సామాను నేను ఎవరికీ చూపించను,” అన్నాను.

“అబ్బో! ఏంది సార్ గంత గరం? ఏమున్నది సంచిల?” అని వాడే తెరిచాడు. లోపల తీగచుట్ట, కట్టింగ్ ప్లయరు. “అరే, తీగలు కత్తిరించే సామాను తెచ్చిండు రా! టెలిఫోన్ తీగలా, కరెంటు తీగలా సార్?”

జవాబు చెబితే పోయేది. నేను ఇంకా నిటారుగా నిలబడ్డాను. ఆయమ్మ ముందుకు వచ్చింది.

“ఓ బిడ్డా, గవ్వి పండ్లు కట్టే తీగలు. చిన్న పోరి పండ్లు ఊగుతున్నయి. నీ నోరు గింత ఊగుతున్నది, కూసో, నీయి గూడ కడ్తడు సారు.”

అందరూ గొల్లుమన్నారు. సంచి తెరిచినవాడు కూడా నవ్వి, “ఎవల పోరి ఆయమ్మా?” అన్నాడు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు ఒక అర్థం ఉండేది. ముల్కీల పిల్లా, నాన్‌ముల్కీల పిల్లా అని.

“తార్నాక పోరి,” అంది ఆయమ్మ, బల్ల పక్కకు జరుపుతూ.

వాడు సంచి మూసి ఆమె చేతికిచ్చాడు. “పోయి రాండ్రి. సైకిల్ల గాలి లేదు సార్, కొట్టమంటరా?” నేను వద్దనేలోపే కొట్టించాడు కూడా. ఆ తర్వాత తీగ తీసేదాకా మమ్మల్ని ఆ గేటు దగ్గర ఎవరూ ఆపలేదు.

ఇంట్లో తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లో ఉన్న ఒకే కుర్చీని కొంగుతో తుడిచి వేసింది. నేను పిల్లను చూసి, తీగ సరిచేసి, చిగురు కడిగాను. అంతా అయ్యాక తల్లి ఒక్కసారిగా ఏడ్చింది.

“నేనే కట్టానండి. నా చేతుల్తో నేనే కట్టాను. ఆ రోజు మీ దగ్గర చూశాను కదా, అలాగే వేడినీళ్ళలో ఉడకబెట్టి మరీ కట్టాను.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే తిడతారనండి. ఇంకోటి కూడా ఉందండీ. మీరు మాకు వెయ్యనన్నారు కదా. లెక్చరరుగారి అబ్బాయికి వేశారు, మాకు అవసరం లేదన్నారు. ఎందుకండీ అంటే మాట్లాడలేదు. మేం ఆంధ్రావాళ్ళమని వెయ్యలేదనుకున్నామండి.”

ఉద్యోగంలో నేను చాలా మాటలు పడ్డాను. అంతగా తగిలింది ఇంకొకటి లేదు. మా ఇంటి గుమ్మం ముందుకు వచ్చినవాణ్ణి ఏ ఊరివాడని అడగలేదని మా నాన్న గర్వంగా చెప్పుకునేవాడు. ఆ గుమ్మం పోయింది, ఆ గర్వం నాకు మిగిలింది. ఈమె నా గుమ్మం నుంచి వెళ్ళిపోయింది అలా అనుకుంటూ. ఆమెను ఏమని తప్పు పట్టను? నేను ఖాళీగా వదిలిన చోట ఆ రోజుల గోడల మీద ఉన్నదే ఆమె చదువుకుంది. నేను మాత్రం తక్కువ చేశానా? ఆమె దాచుకున్న మాటను రాయి దెబ్బ అని చదువుకోలేదా?

ఆయమ్మ గడపలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను లేచి నిలబడ్డాను. మా వాళ్ళెవరూ అనగా నేను వినని మాట అన్నాను. “తప్పు నాదమ్మా. ఎందుకో ఆ రోజే చెప్పాల్సింది.”

“ఇప్పుడు చెప్పండి,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

మళ్ళీ కూర్చున్నాను. పిల్లను దగ్గరికి పిలిచి, ముక్కు పక్కన వేలు పెట్టి చూపించాను. ఇక్కడ, లోపల, కోరపన్ను తయారవుతోంది. బయటికి రావడానికి ఇంకా మూడేళ్ళు పడుతుంది. అది కిందికి దిగుతూ పక్కపంటి వేరును నొక్కుతుంది. అందుకని కింద ముందుపళ్ళు విడిపోయి కనబడతాయి. దవడ ఎదిగి, కోరపన్ను తన చోటికి దిగి వచ్చాక, నొక్కుడు పోయి పళ్ళు వాటంతట అవే దగ్గరవుతాయి. నా రెండు చేతుల వేళ్ళూ పళ్ళలా పట్టి చూపించాను. పిల్ల తన వేళ్ళతో అలాగే చేసింది.

“ఇంతేనాండీ?” అంది తల్లి.

“ఇంతేనమ్మా.”

తిరిగి వస్తున్నప్పుడు, క్యాంపసు చెట్ల నీడ దాటాక, ఆయమ్మ “ఎండ బాగున్నది, రుమాలు కప్పుకోండ్రి డాక్టర్ సాబ్,” అంది. ఆ తర్వాత ఆమె రిటైరయ్యేదాకా నన్ను దొరా అని పిలవలేదు. నా హోదా పెరిగిందో తగ్గిందో నేనూ అడగలేదు. అయితే ఆ మాట నాకు కొన్నాళ్ళు వెలితిగా ఉండేదని మీ దగ్గర దాచను.

వాళ్ళు ఊరికి వెళ్ళలేదు. బందులుండేవి, మధ్యలో రెండుసార్లు కర్ఫ్యూ వచ్చింది. కొన్ని రోజులు వెళ్ళలేకపోయాను. అప్పుడు తల్లే దూది, ఉప్పునీళ్ళతో శుభ్రం చేసింది, నేను చేసినదాని కంటే బాగా. ఏడో వారంలో ఒక పన్ను కదలడం మానింది. రెండోది మొండికేసింది. తీగ ఇంకో నెల ఉంచాను. చివరికి అదీ పట్టుకుంది. కాని పక్కదాని కంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉండిపోయింది. చూసే కన్ను ఉంటేనే కనబడుతుంది. నాకు ఎప్పుడూ కనబడేది.

మూడేళ్ళు దాటాక ఒక ఉదయం తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు. పెద్దపిల్లకు పన్నెండేళ్ళు. అడక్కుండానే నోరు తెరిచింది. కోరపళ్ళు రెండూ దిగి వచ్చాయి. ముందుపళ్ళ మధ్య సందు మూసుకుపోయింది, ఎవరూ ఏమీ కట్టకుండా. “పాటలు పాడుతున్నవా బిడ్డా?” అని ఆయమ్మ అడిగితే, “చర్చిలో ఇదే ముందు నిలబడి పాడేది. నోరు మూయించడమే కష్టం,” అంది తల్లి.

చిన్నపిల్ల ఎనిమిదేళ్ళది. తల్లి పక్కన నిలబడి మా అందరికేసి నవ్వుతోంది. పళ్ళ మధ్య సందు అక్క సందు కంటే పెద్దది.

“దీని గురించి నాకేం భయం లేదండి,” అంది తల్లి. “కాని మా అత్తగారు ఊరి నుంచి వచ్చి దారం కట్టమని పోరుతున్నారు. చర్చిలో కూడా ఇద్దరు ముగ్గురు తల్లులు అడుగుతున్నారు. నేను వేళ్ళతో చూపిస్తే నమ్మడం లేదు. డాక్టరు రాసిచ్చాడా అంటున్నారు.”

సంచిలోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టి, మడతలు సాపు చేసింది. మూడేళ్ళ కిందటిది. ఇంగ్లీషులో రెండు మాటలు.

“పారెయ్యలేదండి. మిగతాది రాసివ్వండి.”

కలం తీశాను. రాయడానికి చోటెక్కడ? ఆ రెండు మాటల కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా నా సంతకమే పరుచుకుని ఉంది. కొత్త చీటీ ఇస్తానని ఆయమ్మ సొరుగు లాగింది. వద్దన్నాను. చీటీని దగ్గరికి జరుపుకుని, తెలుగులో, పెద్ద అక్షరాలతో, సంతకం మీదుగానే రాయడం మొదలుపెట్టాను.